మంచుబండి ముందు సీటు

మా మేనత్త పోయిందని రాజమండ్రి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేసరికి నేను కొట్లో ఒక రైతుకు ఇంజను స్టార్టు చేసి చూపిస్తున్నాను. అంతకు నాలుగు రోజుల ముందు గుండెనొప్పి అంటే చేర్పించాం. రెండో రోజునే మంచం మీద నుంచి, "కొట్టు మూసుకుని నా పక్కన కూర్చుంటే నాకు లేని జ్వరం వస్తుంది, వెళ్ళి తలుపులు తియ్యి" అని నన్ను తరిమేసింది. అందుకే చివరి ఘడియలో నేను దగ్గర లేను. ఇది రాయడానికి కష్టంగానే ఉంది. కానీ ఆమె ఉండమన్న చోటే ఉన్నాను.

ఇంటికి తీసుకొచ్చాక జనం వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు, "మంచి మనిషండి, నోట్లో నాలుక లేదు, ఎవరి జోలికీ వెళ్ళేవారు కాదు" అన్నారు. నాకు ఏడుపు ఆగిపోయి ఒళ్ళు మండింది. మా అత్తకు నోట్లో నాలుక ఉంది. అది ఏ మాత్రం పొట్టిది కాదు. ఆమె అందరి జోలికీ వెళ్ళింది, వెళ్ళాల్సిన ప్రతిసారీ వెళ్ళింది. పోయినవాళ్ళని పొగడడమంటే వాళ్ళని చప్పగా చెయ్యడమే అనుకుంటారు మనవాళ్ళు. ఆ చప్పిడి మనిషి ఎవరో నాకు తెలియదు. నాకు తెలిసిన మనిషి గురించి నేను రాస్తాను.

పెనుగొండకు దగ్గర్లో మా మావయ్యకు ఆయిల్ ఇంజన్ల కొట్టు ఉండేది. చేలకు నీళ్ళు తోడే ఇంజన్లతో మొదలుపెట్టాడు. తొంభైల్లో చేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులవుతున్నప్పుడు, చెరువు నీళ్ళను చిలికి గాలి అందించే ఏరేటర్లు కూడా తెచ్చాడు. ఆ వ్యాపారం పుంజుకునే వేళకు హఠాత్తుగా పోయాడు. వాళ్ళకు పిల్లల్లేరు. కంపెనీవాళ్ళు డీలరుషిప్పు అత్త పేరు మీదికి మార్చారు. అప్పటికి ఆమెకు నలభై అయిదు దాటాయి. పదో తరగతి దాకా చదివింది.

కర్మకాండలు అయిన మర్నాడు ఆమె కొట్టుకు వెళ్ళేసరికి, మావయ్య తమ్ముడు అన్నగారి కుర్చీలో కూర్చుని ఉన్నాడట. ఆయన్ని నేను చిన్న మావయ్య అంటాను. "నువ్వెందుకు వచ్చావు వదినా, నేను చూసుకుంటాను కదా" అన్నాడట. అత్త గుమ్మంలోనే నిలబడి, "చూసుకో బాబూ, పక్క కుర్చీలోంచి కూడా బాగానే కనపడుతుంది" అందట. ఆయన లేచాడు. ఆ తరవాత పదేళ్ళపాటు పక్క కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాడు.

నేను డిగ్రీ చదవడానికి వాళ్ళింట్లోనే ఉన్నాను కాబట్టి ఆమె పని నేర్చుకోవడం నా కళ్ళముందే జరిగింది. చెరువు గట్టు మీద ఇంజను మొరాయించిందంటే మోపెడ్ వేసుకుని వెళ్ళిపోయేది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేది. లోపల ఏ భాగం అరిగిందో అలా విని చెప్పేది. "మనిషి అబద్ధమాడతాడు గానీ ఇంజను ఆడదే" అనేది. ఆమె చీరలకు ఎన్ని ఉతుకులు ఉతికినా డీజిలు వాసన పోయేది కాదు. పెళ్ళిళ్ళకు వెళ్తే పక్కన కూర్చున్న ఆడవాళ్ళు కాస్త జరిగేవాళ్ళు. "జరగనీ, కాళ్ళు చాపుకుంటాను" అనేది.

కొత్త సేల్స్‌మాన్ ఎవరైనా వచ్చి, "సార్ లేరా అండి?" అని అడిగితే, "ఉన్నానండి, చెప్పండి" అనేది. ఆ కుర్రాళ్ళ మొహాలు చూడాలి! మనం నవ్వుతామేమోనని ముందే మనవైపు కళ్ళెర్రజేసేది.

మోపెడ్ తరవాత కొట్టు వ్యాను నడపడం నేర్చుకుంది. లైసెన్సు కోసం ఏజెంటు దగ్గరికి వెళ్తే అతను, "మీరు రానక్కర్లేదండి. ఫోటోలు, సంతకం ఇచ్చేయండి, ఇంటికి పంపించేస్తాను" అన్నాడు. మా వైపు చాలామంది లైసెన్సులు అలా వచ్చినవే. అత్త ఒప్పుకోలేదు. నన్ను వెంటబెట్టుకుని టెస్టు రోజున ఆర్టీవో ఆఫీసుకు వెళ్ళింది. మైదానంలో ముగ్గుతో ఎనిమిది అంకె వేసి ఉంది. దాని మీద కాలు కింద పెట్టకుండా మోపెడ్ నడిపింది. తరవాత వ్యానును వెనక్కి నడిపి, చెప్పిన చోట పెట్టింది. ఆఫీసరు నవ్వి, "ఇంత కష్టం ఎందుకమ్మా, ఇక్కడ ఎవరూ నిజంగా నడిపి చూపించరు" అన్నాడు.

"నాకు వచ్చో రాదో నాకు తెలియాలి కదండీ" అంది.

ఆ లైసెన్సు చిన్న పుస్తకం. దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి, ఎక్కడికి వెళ్ళినా చేతిసంచిలో పెట్టుకుని వెళ్ళేది. గుడికి నడిచి వెళ్ళినా సంచిలో అది ఉండాల్సిందే. నేను వెక్కిరించేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు ఒక రోజు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఏడు బాగా అమ్మిన డీలర్లను విదేశీ యాత్రకు తీసుకెళ్తారట. అంతకు ముందు సింగపూర్, బ్యాంకాక్ తీసుకెళ్ళేవాళ్ళు. ఈసారి కంపెనీకి ఇంజన్ల పని నేర్పిన విదేశీ సంస్థ వాళ్ళ దేశానికే రమ్మందట. ఫిన్లాండ్ ఉత్తర కొసన, ఆర్కిటిక్ వలయం దాటాక, గైడును వెంటబెట్టుకుని మంచు మీద నడిచే స్నోమొబైల్ బండ్ల యాత్ర. పన్నెండు మంది డీలర్లు. పదకొండు మంది మగవాళ్ళు, పన్నెండో పేరు మా అత్తది.

ఆ సాయంత్రమే చిన్న మావయ్య పాస్‌పోర్టు ఫోటోలు తీయించుకుని వచ్చాడు. "నీ బదులు నేను వెళ్ళొస్తానని ఉత్తరం రాసిచ్చెయ్యి వదినా. ఆ చలికి గుండె ఆగిపోద్ది" అన్నాడు.

"నీ గుండె ఆగదా?"

"మేం మగాళ్ళం, తట్టుకుంటాం."

మర్నాడు డీలర్ల సంఘం ప్రెసిడెంటు గారు కారు వేసుకుని వచ్చారు. పెద్దమనిషి, ఆరడుగుల ఆసామి. ఆయన మాటంటే చుట్టుపక్కల మండలాల్లో ఎదురు లేదు. "చెల్లెమ్మా, పదకొండు మంది మగాళ్ళ మధ్య నీకు మాత్రం ఏం బాగుంటుంది చెప్పు? మరిదిగారిని పంపిస్తే కుటుంబానికీ మర్యాద" అన్నారు.

అత్త కాఫీ తెచ్చి ఇచ్చింది. "ఉత్తరం నా పేరున వచ్చిందండి అన్నయ్యగారూ" అంది. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక నాకూ భయం వేసి, "పోనీ మానెయ్యరాదా అత్తా, ఊళ్ళు చూడాలంటే మనిద్దరం ఎక్కడికైనా వెళ్దాం" అన్నాను. అప్పుడు నన్ను చూసిన చూపు నాకు ఇంకా గుర్తే. "ఊళ్ళు చూడ్డం కాదే. వాడు డీలరుగా విమానం ఎక్కితే, దిగేటప్పుడూ డీలరుగానే దిగుతాడు. కంపెనీవాళ్ళంతా వాణ్ణే చూసుంటారు, వాడితోనే భోంచేసుంటారు. మళ్ళీ నేను నా కొట్లో పక్క కుర్చీలో కూర్చోవాలి" అంది.

ఉత్తరంతో పాటు నాలుగు పేజీల కాగితాలు ఇంగ్లీషులో వచ్చాయి. యాత్రలో ఏముంటుంది, ఏం తెచ్చుకోవాలి, ఎలా నడుచుకోవాలి అని. నేను చదివి తెలుగులో చెప్తుంటే ఆమె వరస ప్రకారం నోటుబుక్కులో రాసుకుంది. ఒంటిని అంటి నూలు బట్ట ఉండకూడదు, చెమటకు తడిసి గడ్డ కడుతుంది. ఉన్ని బనియను, ఉన్ని మేజోళ్ళు కావాలి. పైన తొడుక్కునే దళసరి సూటు, బూట్లు, హెల్మెట్టు వాళ్ళే ఇస్తారు. బండి నడపదలుచుకున్నవాళ్ళు డ్రైవింగ్ లైసెన్సు ఒరిజినల్ తేవాలి. ఈ చివరి ముక్క కింద ఆమె రెండు గీతలు గీసింది.

చలికాలంలో రాజమండ్రి రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్మే నేపాలీల దగ్గర ఉన్ని బనియన్లు కొన్నాం. ప్యాంటు మాత్రం నాది. కొట్టు వెనక గదిలో ఇంజన్ల అట్టపెట్టెల మధ్య నా ట్రాక్ ప్యాంటు వేసుకుని అటూ ఇటూ నడిచి చూసుకుంది. జీవితంలో మొదటిసారి. గుంజీ తీసింది, కాలు ఎత్తి పెట్టె మీద పెట్టింది. "ఇంత సుఖం మీరు మాకు చెప్పకుండా దాచుకున్నారా!" అని నన్ను తిట్టింది.

ఇక అక్కడ ఏం జరిగిందో నేను చూడలేదు. ఆమె చెప్పగా విన్నదే, ఎన్నోసార్లు చెప్పించుకుని విన్నదే.

గైడు ఒక అమ్మాయి. పాతికేళ్ళుంటాయేమో. పదకొండు మంది పెద్దమనుషులు ఆ అమ్మాయి వెనక గైడు ఎక్కడున్నాడా అని వెతుక్కున్నారట. ఆ పిల్ల అందరినీ వరసలో నిలబెట్టి బండి గురించి చెప్పింది, వెంట వచ్చిన కంపెనీ మనిషి దాన్ని తెలుగులో చెప్పాడు. కుడి బొటనవేలితో నొక్కితే వేగం, ఎడమ చేత్తో బ్రేకు. ఒకరి వెనక ఒకరు, ముందు బండి వేసిన దారిలోనే రావాలి. పక్కకు తప్పితే మెత్తటి మంచులో నడుం దాకా దిగిపోతారు. తను చెయ్యెత్తితే ఆగాలి. దాటుకుని ముందుకు రాకూడదు. ఒక్కో బండి మీద ఇద్దరు, నడిపేవాళ్ళు ముందు.

తరవాత లైసెన్సులు అడిగింది.

మనవాళ్ళు కోటు జేబుల్లోంచి కాగితాలు తీశారు. అన్నీ జిరాక్సులు! ఒరిజినల్ పోతుందని ఇంట్లో బీరువాలో పెట్టి, జిరాక్సు తీయించి, దాని మీద గెజిటెడ్ ఆఫీసరు చేత ఆకుపచ్చ సిరాతో సంతకం, రబ్బరు స్టాంపు వేయించుకుని తెచ్చారు. మన దగ్గర ఏ ఆఫీసులోనైనా అది చెల్లుతుంది కదా. ఆ పిల్ల ఒక్కో కాగితం తిప్పి చూసి, ఆకుపచ్చ సంతకం మీద వేలు పెట్టి, ఇదేమిటని అడిగిందట. కంపెనీ మనిషి వివరించబోయాడు. గెజిటెడ్ ఆఫీసరంటే ఎవరో ఆ మంచులో ఎవరికైనా ఎలా చెప్తారు? ఆమె తల అడ్డంగా ఊపి కాగితాలు మర్యాదగా మడిచి వెనక్కి ఇచ్చేసింది. ప్రెసిడెంటు గారి దగ్గర జిరాక్సు కూడా లేదు. ముప్పై ఏళ్ళుగా కారు నడుపుతున్నారు గానీ ఆయన్ని లైసెన్సు అడిగే ధైర్యం మా జిల్లాలో ఏ పోలీసుకూ లేకపోయింది.

అత్త చేతిసంచి తెరిచి, ప్లాస్టిక్ కవరులోంచి పుస్తకం తీసి ఇచ్చింది. ఆ పిల్ల చూసి, ఫోటోను మొహంతో పోల్చుకుని, "గుడ్" అంది. ఒక్క మాటే. మా అత్త ఆ మాటను ఆ తరవాత చాలా ఏళ్ళు అచ్చం అలాగే అని చూపించేది.

మిగిలినవాళ్ళ కోసం గైడు తన బండి వెనక పొడుగాటి చెక్క తొట్టె కట్టింది. అందులో జంతువుల తోళ్ళు పరిచి, పదిమందిని కాళ్ళు చాపి కూర్చోబెట్టి, దుప్పట్లు కప్పి, బెల్టులు బిగించింది. "ధాన్యం బస్తాల్లా ఒకళ్ళ మీద ఒకళ్ళు" అనేది అత్త. ప్రెసిడెంటు గారు అందులో పట్టలేదు. గైడు కంపెనీ మనిషిని తన వెనక ఎక్కించుకుని, ఆయనకు అత్త వెనక సీటు చూపించింది.

బండి మీద కూర్చోగానే ఆ పిల్ల ఒక ఎర్ర తాడు తెచ్చి, ఒక కొస బండికి తగిలించి, రెండో కొస అత్త మణికట్టుకు కట్టిందట. నడిపే మనిషి పడిపోతే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. "ఇన్నేళ్ళ నుంచి ఇంజన్లు అమ్ముతున్నాను, నేను లేకపోతే నడవననే ఇంజన్ని అక్కడే చూశానే" అంది నాతో.

ఆ ప్రయాణం గురించి ఆమె చెప్పినదాంట్లో భయం లేదు, పెద్ద వర్ణనా లేదు. "చలి అంటే మనకి దుప్పటి గుర్తొస్తుంది. అక్కడ దుప్పటి కూడా గుర్తు రాదు. ముక్కులో వెంట్రుకలు బిగిసిపోయి గుచ్చుకుంటాయి. కళ్ళు ఆర్పితే రెప్పలు అతుక్కుంటాయి. ఊపిరి కిందికి వదలాలి, పైకి వదిలావంటే అద్దం మీద గడ్డకట్టి దారి కనపడదు. మంచు పైన పూతరేకులా పెళుసుగా ఉంటుంది, లోపలంతా పిండే. మలుపులో ఒళ్ళు లోపలికి వంచాలి, బండి దానంతట అది తిరగదు. వెనకాయన ప్రతి మలుపులోనూ బయటికి వంగుతున్నాడే! రెండుసార్లు ఊరుకున్నాను. మూడోసారి ఆపి, 'అన్నయ్యగారూ, నేను ఎటు వంగితే అటు వంగండి, లేకపోతే ఇద్దరం పడతాం' అన్నాను. తరవాత బుద్ధిగా వంగాడు."

సగం దారిలో గడ్డకట్టిన సరస్సు మీద ఆగారు. గైడు నిప్పు రాజేసి వేడి పళ్ళరసం పోసింది. కంపెనీ మనిషి ఫోటోలకు కెమెరా తీశాడు. వాళ్ళ పత్రికలో వేస్తారట. అప్పుడు ప్రెసిడెంటు గారు అత్త దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "చెల్లెమ్మా, ఒక్క ఫోటో మట్టుకు నేను ముందు కూర్చుంటాను. నువ్వు వెనక కూర్చో. నడపడం నువ్వే నడుపు, ఎవరు కాదన్నారు? ఊళ్ళో నా పరువు అర్థం చేసుకో" అన్నారట.

అత్త అందట: "అన్నయ్యగారూ, నడిపింది ఊళ్ళో ఎవరూ చూడలేదండి. చూసేది ఫోటోనే."

అని ముందు సీట్లో కూర్చుంది. ఎర్ర తాడు మణికట్టుకు ఉండగానే. ఆయన చివరికి వచ్చి వెనక కూర్చున్నారు. కంపెనీ పత్రికలో ఆ ఫోటోనే పడింది, కింద డీలరు అని మా అత్త పేరు వేసి. చిన్న మావయ్య ఆ పత్రిక చదివి, టేబులు మీద బోర్లించి పెట్టి, ఆ రోజు పెందరాళే ఇంటికి వెళ్ళిపోయాడు. డీలరుషిప్పు మాట మళ్ళీ ఎత్తలేదు.

కొన్నేళ్ళకు కంపెనీ మళ్ళీ అక్కడికే వేరే డీలర్లను పంపించింది. వాళ్ళంతా మా కొట్టుకు వచ్చి, "అక్కడ ఎలా ఉంటదండి, ఏం తీసుకెళ్ళాలండి" అని అడిగారు. అత్త వాళ్ళను బెంచీ మీద కూర్చోబెట్టి, "ముందు ఒరిజినల్ తీసి చూపించండి" అంది. లేనివాళ్ళని టెస్టుకు పంపింది. నాకు కూడా అలాగే, ముగ్గు ఎనిమిది మీద, నిజంగా నడిపితేనే లైసెన్సు వచ్చింది. నా కాలు రెండుసార్లు కింద పడింది. రెండుసార్లూ ఇంటికి తీసుకొచ్చి మళ్ళీ నేర్పింది. నాకు ఈ జన్మలో ఎవరైనా ఏదైనా ఇచ్చారంటే అదే.

పెద్దకర్మ రోజున పెట్టడానికి ఫోటో కావాల్సి వచ్చింది. చిన్న మావయ్య ఆమె పాస్‌పోర్టు ఫోటో పెద్దది చేయిస్తానన్నాడు. అందులో ఆమె తప్పు చేసినదానిలా ఉంటుంది. నేను మంచుబండి ఫోటో పెద్దది చేయించి తెచ్చాను.

"మొహం కనపడదు, హెల్మెట్టు! వచ్చినోళ్ళు దేనికి దణ్ణం పెట్టాలి?" అన్నాడు. "అదీగాక వెనక ప్రెసిడెంటు గారున్నారు. బతికున్న మనిషి ఫోటోకి దండేస్తారా ఎవరైనా? ఆయన చూస్తే ఏమనుకుంటారు? పోనీ ఆయన వరకూ కత్తిరించు."

"మీరు అడగాలనుకున్నది అది కాదు కదా మావయ్యా" అన్నాను. "అత్త డీలరుషిప్పు నా పేరున రాసింది. కుర్చీలో నేనే కూర్చుంటాను. ఈ ఫోటోనే పెడతాను."

పెట్టాను. అయితే ఆయన చెప్పిన ఒక మాట మాత్రం నన్ను పట్టుకుంది. బతికున్న మనిషి మీద దండ వెయ్యడానికి నాకూ చెయ్యి రాలేదు. దండ పళ్ళెంలోనే ఉండిపోయింది. అలాగని కత్తిరించడానికీ మనసు ఒప్పలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళకు ప్రెసిడెంటు గారు కర్ర ఊతంతో వచ్చారు. బాగా పెద్దవారైపోయారు. ఫోటో ముందు నిలబడి చాలాసేపు చూశారు. పక్కనున్న ఒక కుర్ర రైతు, ఫోటోలో ఉన్న ఇద్దరిలో ఒకరు ఆయనేనని విని, "బండి నడిపేది తమరా అండి? వెనకాల అమ్మగారా?" అని అడిగాడు. చిన్న మావయ్య తల తిప్పుకున్నాడు.

"కాదు బాబూ" అన్నారాయన, పందిట్లో అందరికీ వినపడేలా. "నడిపేది ఆవిడ. వెనకున్నది నేను."

నేను దగ్గరికి వెళ్ళి, దండ ఎందుకు వెయ్యలేదో చెప్పాను. ఆయనకు ఇష్టమైతే ఆయన వరకూ కత్తిరిస్తానని కూడా అన్నాను, అనకూడదనుకుంటూనే.

"కత్తిరించకమ్మా" అన్నారు. "నేను వెనక లేకపోతే, ఆవిడ ముందున్నట్టు ఎవరికి తెలుస్తుంది?"

కర్ర నా చేతికిచ్చి, పళ్ళెంలోంచి బంతిపూల దండ తీసి ఆయనే వేశారు. దండ పక్కకు జారి ఇద్దరి మీదా పడింది. ఆయన దాన్ని సరిచెయ్యలేదు.